తీగ ఊడలేదు, పన్ను కదిలింది: ఒక ఫిక్స్‌డ్ రిటెయినర్ కేసు

పేషెంట్‌కి 29 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్ళు అమెరికాలో ఉండి వచ్చి, ఇప్పుడు కృష్ణా జిల్లాలో తల్లిదండ్రుల దగ్గర ఉంటూ ఇంటి నుంచే పని చేసుకుంటోంది. 17వ ఏట కింది పళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయని క్లిప్పులు వేయించుకుంది. పళ్ళేవీ తీయకుండానే చికిత్స అయిపోయింది. క్లిప్పులు తీసిన రోజే కింది ముందు పళ్ళ వెనక, నాలుక తగిలే వైపు, ఈ కోరపన్ను నుంచి ఆ కోరపన్ను దాకా ఆరు పళ్ళకీ కలిపి సన్నటి పురి తీగ అతికించారు. పళ్ళు మళ్ళీ కదలకుండా వేసే ఈ తీగనే ఫిక్స్‌డ్ రిటెయినర్ అంటాం. పై దవడలో నాలుగు ముందు పళ్ళకి ఇంకొకటి వేశారు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, విదేశం. తీగని చూపించుకోవడానికని విడిగా ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. వెళ్ళాలని ఆమెకి తట్టలేదు కూడా, తీగ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు మరి. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేను ఆర్థోడాంటిస్ట్‌ని, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టర్‌ని. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె చెప్పిన సమస్య ఒక్కటే. "ఎడమ పక్క కోరపన్ను బయటికొస్తోందండి. ఫొటోల్లో తెలిసిపోతోంది." పక్కనే ఉన్న వాళ్ళమ్మగారు కారణం కూడా తేల్చేశారు: "జ్ఞాన దంతం నెట్టేస్తోందటండీ. తీయించేస్తే మళ్ళీ లోపలికి పోతుందని మా ఆడపడుచు చెప్పింది."

కనిపించింది, కనిపించనిది

కింది నాలుగు కొరుకుడు పళ్ళూ చక్కగా వరసలో ఉన్నాయి. తీగ ఆరు పళ్ళకీ అంటుకునే ఉంది. ప్రోబ్ (పళ్ళు పరీక్షించే సన్నటి పుల్లలాంటి పరికరం) మొనతో ఒక్కొక్క సిమెంట్ చుక్క దగ్గరా కదిపి చూశాను, ఎక్కడా వదులు లేదు. గార కూడా పెద్దగా లేదు. ఇది చెప్పుకోదగ్గ విషయం. నాలుక కింది లాలాజల గ్రంథుల నాళాలు సరిగ్గా ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి కాబట్టి అక్కడ గార తొందరగా గట్టిపడుతుంది, తీగ ఉంటే దానికి ఇంకా పట్టు దొరుకుతుంది. ఈమె మాత్రం తీగ కింద నుంచి సూపర్‌ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) దూర్చి రోజూ శుభ్రం చేసుకునే మనిషి.

ఆమె చెప్పిన ఎడమ కోరపన్ను, అంటే మా లెక్కలో 33వ నంబరు పన్ను, నిజంగానే పెదవి వైపు వాలింది. కానీ నన్ను ఆపింది అది కాదు. కుడి కోరపన్ను, అంటే 43, తల భాగం (చిగురు పైన కనిపించేది) నాలుక వైపు కాస్త ఒరిగింది. నవ్వితే తెలియదు కాబట్టి ఆమె పట్టించుకోలేదు. పెదవి కిందికి లాగి చూస్తే ఆ పన్ను దగ్గర చిగురు 4 మి.మీ. జారి, వేరు పసుపు రంగులో బయటపడి ఉంది. దాని కింద వేలు పెట్టి తడిమితే వేరు ఆకారమంతా వేలికి తెలుస్తోంది, మధ్యలో ఎముక ఉన్నట్టే లేదు. ఎడమ పక్క అదే చోట మామూలుగా ఉంది. చిగురు జారినా జేబు (పంటికీ చిగురుకీ మధ్య సందు) లోతు 2 మి.మీ. మించలేదు, రక్తమూ రాలేదు. అంటే ఇది చిగుళ్ళ జబ్బు కాదు. చల్లదనం పరీక్షకి పన్ను మామూలుగానే స్పందించింది, నరం బతికే ఉంది.

చిగురు జారిన సంగతి అంతకుముందే ఒక క్లీనింగ్‌లో ఎవరో గమనించి, గట్టిగా తోముతున్నారు, మెత్తటి బ్రష్ వాడండి అన్నారట. ఆ సలహాలో తప్పు లేదు, చాలామంది విషయంలో అదే నిజం కూడా. కాకపోతే కుడిచేత్తో తోముకునేవాళ్ళకి బ్రష్ దెబ్బ ఎక్కువగా ఎడమ కోరపన్ను దగ్గర పడుతుంది, అదీ చుట్టుపక్కల రెండు మూడు పళ్ళతో కలిపి. ఈమెకి కుడి పక్కన, ఒకే ఒక్క పన్నుకి, అదీ వేరు ఉబ్బెత్తుతో సహా. అది బ్రష్ చేసే పని కాదు.

ఆ ప్రాంతం వరకే చిన్న సీబీసీటీ (త్రీడీ ఎక్స్‌రే స్కాన్) తీయించాం. 43 వేరు కింది సగం పెదవి వైపు ఎముక హద్దు దాటి బయట ఉంది. రెండు కోరపళ్ళ వాలుకీ మధ్య తేడా దాదాపు 30 డిగ్రీలు. తల లోపలికి, వేరు బయటికి తిరిగిన కుడి పన్ను. తల బయటికి, వేరు లోపలికి తిరిగిన ఎడమ పన్ను. మధ్యలో నాలుగు పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి.

పాత వంకర తిరిగి రాలేదు

క్లిప్పులు వేయించుకున్నవాళ్ళ పళ్ళు మళ్ళీ కదిలితే మేం మొదట అనుమానించేది రిలాప్స్‌ని. పళ్ళు పాత చోటికి పోవాలని చూడటం అన్నమాట. అందుకే పాత ఫొటోలు, పాత ప్లాస్టర్ అచ్చులు ఉన్నాయా అని అడిగాను. అదృష్టం కొద్దీ వాళ్ళమ్మగారు అచ్చులు పారేయలేదు, బీరువాలో పెట్టారు. ఈ కేసులో రోగనిర్ధారణ చేసింది నిజానికి ఆ అచ్చులే. చికిత్సకి ముందు ఆమెకి వంకరగా ఉన్నవి మధ్య నాలుగు పళ్ళు. కోరపళ్ళు రెండూ అప్పుడు దాదాపు సరిగ్గానే ఉన్నాయి. ఇప్పుడు మధ్య పళ్ళు సరిగ్గా ఉండి కోరపళ్ళు తప్పాయి. పాత వంకర తిరిగొస్తే ఇలా ఉండదు. ఎన్నడూ లేని చోటికి పన్ను పోయిందంటే దాన్ని కొత్తగా ఏదో బలం అటు తీసుకెళ్ళిందనే లెక్క. నోట్లో ఆ పని చేయగలిగిన వస్తువు ఒక్కటే ఉంది.

జ్ఞాన దంతం సంగతి అక్కడే తేల్చేశాను. ముందు పళ్ళు ఒత్తుకోకుండా ఉండటానికని మాత్రమే జ్ఞాన దంతాలు తీయడానికి ఆధారం లేదని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం 1979లోనే చెప్పింది. జ్ఞాన దంతాలు అసలు పుట్టనివాళ్ళకీ వయసుతో పాటు కింది పళ్ళు ఒత్తుకుంటాయి. అయినా మన ఇళ్ళల్లో ముందు పన్ను ఏ కాస్త కదిలినా నేరం ఇంకా ఆ వెనక పన్ను మీదే పడుతోంది. పైగా వెనక నుంచి నెట్టితే పళ్ళన్నీ ఒకదాని మీదికొకటి ఎక్కాలి గానీ, ఒక కోరపన్ను లోపలికీ ఇంకొకటి బయటికీ మెలి తిరగవు కదా.

ఇంకొంచెం అడిగితే అసలు విషయం బయటికొచ్చింది. నాలుగేళ్ళ క్రితం అమెరికాలో ఉండగా మొక్కజొన్న పొత్తు కొరుకుతుంటే కుడి చివర తీగ ఊడింది. దగ్గర్లోని డెంటిస్ట్ ఒకరు మళ్ళీ అతికించి పంపించారు. పది నిమిషాల పని. ఫొటోలు వరసగా పెట్టి చూస్తే ఎడమ కోరపన్ను బయటికి రావడం ఆ తర్వాతి కాలంలోనే మొదలైంది. ఊడిన తీగ కొస వంగి ఉండి, దాన్ని పంటికి నొక్కిపట్టి అతికించి ఉంటే, అందులో బలం దాక్కుని ఉంటుంది. ఇది రుజువు చేయలేను, కానీ కాలక్రమం దాన్నే చూపిస్తోంది.

తీగలో బలం ఎక్కడిది

అసలు తీగ ఎందుకు వేస్తామో ముందు చెప్పాలి. జరిపిన పన్ను చుట్టూ ఎముక, వేరు పొర కొన్ని నెలల్లో సర్దుకుంటాయి. చిగురు పై భాగంలోని సాగే పోగులు మాత్రం చాలా కాలం లాగుతూనే ఉంటాయి. నార్వే శాస్త్రవేత్త రైటాన్ ప్రయోగాల్లో 232 రోజుల తర్వాత కూడా ఆ పోగులు ఇంకా సాగదీసినట్టే కనిపించాయి. అది మొదటి ఏడాది కథ. ఆ తర్వాతది మామూలు వయసు మార్పు, దానికి అంతు లేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిటిల్, ఆయన సహచరులు రిటెయినర్లు ఆపేసినవాళ్ళని పదేళ్ళకీ, ఇరవై ఏళ్ళకీ మళ్ళీ పిలిచి చూస్తే, చాలామందిలో కింది ముందు పళ్ళు తిరిగి ఒత్తుకుపోయి ఉన్నాయి. ఎవరికి ఒత్తుకుంటాయో ముందే చెప్పగలిగే గుర్తు కూడా ఏదీ దొరకలేదు. అందుకే 1970ల్లో అతికించే తీగలు వచ్చాక వాటికి అంత ఆదరణ దొరికింది. పేషెంట్ మరిచిపోయినా తీగ మరిచిపోదు.

మొదట్లో మందపాటి తీగని రెండు కోరపళ్ళకి మాత్రమే అతికించేవారు. తర్వాత సన్నటి పోగులు కొన్నిటిని మెలిపెట్టిన స్టీలు తీగ వచ్చింది. నమిలేటప్పుడు ప్రతి పన్నూ తన గూటిలో రవ్వంత కదలాలి. పోగుల తీగ ఆ కదలికని ఒప్పుకుంటుంది, అందుకే ఆరు పళ్ళకీ అతికించవచ్చు. చిక్కూ అక్కడే ఉంది. కొబ్బరి తాడు పురిని ఒక కొస దగ్గర కాస్త విప్పి వదిలితే అది రెండో కొసని తిప్పాలని చూస్తుంది. తీగ పురి కూడా అంతే. గట్టిది కొరికినప్పుడు తీగ లోలోపల వంగినా, అతికించేటప్పుడు నొక్కినా, మెల్లగా పురి విడుతూ ఒక కొస పంటిని ఇటూ, రెండో కొస పంటిని అటూ తిప్పుతుంది. బలం చాలా తక్కువ. కానీ రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి, మెలకువలోనూ నిద్రలోనూ ఆగదు. క్లిప్పులతో మేం వాడే బలం కూడా అలాంటిదే. తేడా ఏంటంటే క్లిప్పులున్నప్పుడు నెలనెలా ఎవరో ఒకరు చూస్తుంటారు.

నెదర్లాండ్స్‌కి చెందిన కట్సారోస్ బృందం 2007లో ఇలాంటి కేసులని వివరంగా ప్రచురించింది. రెండు రకాలు చెప్పారు. పక్కపక్క కొరుకుడు పళ్ళు రెండు వేర్వేరు వైపులకి తిరగడం ఒకటి, రెండు కోరపళ్ళు ఎదురుబొదురుగా వాలడం ఇంకొకటి. ఈమెది రెండోది. 2016లో చెక్ డాక్టర్లు కుచెరా, మారెక్ తమ 3500 మంది పేషెంట్లని పరిశీలిస్తే 1.1 శాతం మందిలో ఈ సమస్య కనిపించింది. తక్కువే. తీగ ఉన్నవాళ్ళెవరూ ఇది చదివి రేపే పీకించుకోవాల్సిన పని లేదు. కానీ మన ఊళ్ళల్లో ఈ తీగలు పెట్టించుకున్నవాళ్ళ సంఖ్య చూసుకుంటే, నూటికి ఒకరంటే తక్కువమంది కాదు.

చికిత్స

మొదటి పని తీగ తీసేయడం. ఆ రోజే తీసేశాం. పళ్ళని స్కాన్ చేసుకుని, కార్బైడ్ బర్‌తో సిమెంట్ చుక్కలు అరగదీసి, తీగని ముక్కలుగా బయటికి తీశాను. మధ్య నాలుగు పళ్ళూ కదలకుండా రాత్రిపూట పెట్టుకోవడానికి ఒక పారదర్శక ట్రే ఇచ్చాను, కోరపళ్ళ దగ్గర ఖాళీ వదిలి. ఆరు వారాలు ఆగాం. ఇలా ఆగడం నాకు అలవాటు. బలం పోతే పన్ను తనంతట తాను ఎంత వెనక్కి వస్తుందో చూడకుండా క్లిప్పులు వేయడం తొందరపాటు. నాలుకా పెదవీ చేసే పని తక్కువేం కాదు. ఎడమ కోరపన్ను కొంత లోపలికొచ్చింది. కుడిది ఎక్కడిదక్కడే ఉంది.

ఎలైనర్లు (క్లిప్పుల బదులు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు) కుదరవా అని ఆమె అడిగింది, న్యాయమైన ప్రశ్నే. 29 ఏళ్ళకి రోజంతా వీడియో మీటింగుల్లో కూర్చునే మనిషి మళ్ళీ లోహపు క్లిప్పులు ఎందుకు కోరుకుంటుంది? పంటి తలని వాల్చడం, వరస సరిచేయడం వరకు ఎలైనర్లు బాగానే చేస్తాయి. ఇక్కడ కావాల్సింది తలని దాదాపు అక్కడే ఉంచి వేరుని ఎముకలోకి తిప్పడం. ఆ పని నలుచదరపు తీగ, బ్రాకెట్ (పంటికి అతికించే క్లిప్పు) గాడిలో బిగుసుకుని చేసినంత నమ్మకంగా ప్లాస్టిక్ ట్రే చేయదు. ఆ మాటే చెప్పి, కనిపించకుండా ఉండటానికి సెరామిక్ బ్రాకెట్లు వేశాను. కింది దవడకి మాత్రమే.

తోటి ఆర్థోడాంటిస్టుల కోసం ఒక చిన్న వివరం. 43 మీద బ్రాకెట్‌ని తలకిందులుగా అతికించాను. కింది కోరపంటికి మేం వాడే బ్రాకెట్‌లో టార్క్ (వేరుని లోపలికో బయటికో తిప్పే కోణం) మైనస్ 6, తిప్పి పెడితే ప్లస్ 6 అవుతుంది, వేరు నాలుక వైపు నడుస్తుంది. అయితే 0.022 అంగుళాల గాడిలో 0.019×0.025 తీగకి సుమారు 10 డిగ్రీల సందు ఉంటుంది కాబట్టి బ్రాకెట్‌ని తిప్పినంత మాత్రాన చాలదు. గుండ్రటి నికెల్ టైటానియం తీగలతో మొదలుపెట్టి, చివరికి బీటా టైటానియం తీగలో ఆ ఒక్క పంటి దగ్గర మెలి పెట్టాల్సి వచ్చింది. ఆ మెలి ప్రతిబలం పక్క పళ్ళ మీద పడుతుంది, ప్రతి విజిట్‌లో వాటినీ చూసుకోవాలి. మధ్యలో సీబీసీటీ తీయలేదు. పెదవి కింద వేలు పెట్టి వేరు ఉబ్బు తగ్గుతోందా లేదా అని చూసుకుంటూ వెళ్ళాను. అంతకంటే చవకైన, రేడియేషన్ లేని పరీక్ష ఇంకోటి లేదు.

చిగురు సంగతిలో మాకూ పీరియడాంటిస్ట్‌కీ (చిగుళ్ళ డాక్టర్) మొదటే ఒక మాట కుదిరింది: వేరు లోపలికి వచ్చేదాకా గ్రాఫ్ట్ (వేరే చోటి కణజాలం తెచ్చి చిగురు దగ్గర అతికించడం) వద్దు. ఎముక బయట నిలబడ్డ వేరు మీద ఎంత మంచి గ్రాఫ్ట్ వేసినా నిలవడం కష్టం. వేరు వెనక్కి వస్తే చిగురు తనంతట తాను కొంత పైకి ఎక్కుతుంది, కప్పాల్సిన భాగం తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళకి ఇది నచ్చలేదు. చిగురు పోతుంటే చూస్తూ కూర్చోమంటారేంటండీ అని వాళ్ళమ్మగారు రెండు మూడుసార్లు అడిగారు. కూర్చోలేదు, వేరునే నడిపిస్తున్నాం అని నేనూ అన్నిసార్లూ చెప్పాను.

11 నెలలకి వేరు లోపలికి వచ్చింది. ఉబ్బు చదునైంది. 4 మి.మీ. ఉన్న చిగురు జారుడు 2.5కి తగ్గింది. అప్పుడు అంగిలి నుంచి కణజాలం తీసి గ్రాఫ్ట్ వేశారు. అది మానాక మిగిలింది 1 మి.మీ. లోపు. చివరి సీబీసీటీలో వేరు ఎముక హద్దుల్లోనే ఉంది. పెదవి వైపు ఎముక పొర కొంతమేర కనిపిస్తోంది, కొంతమేర కనిపించడం లేదు. చాలా పల్చటి ఎముకని సీబీసీటీ చూపించలేదు కాబట్టి అక్కడ ఎంతుందో అంతకు మించి చెప్పకూడదు. వేరు కొస కాస్త గుండ్రబడింది. నరం బతికే ఉంది.

మళ్ళీ తీగ వేయాలా?

ఈ ప్రశ్న దగ్గర ఆర్థోడాంటిస్టులు అందరూ ఒక్క మాట మీద ఉండరు. ఇంకొకరైతే మందమైన తీగని రెండు కోరపళ్ళకే అతికించేవాళ్ళేమో. నేను కింది దవడకి తీగ వద్దని, తీసి పెట్టుకునే ట్రే ఇచ్చాను. ఎందుకంటే ఈమె మళ్ళీ విదేశం వెళ్ళే అవకాశం ఉంది, అక్కడ ఏడాదికోసారైనా తీగని ప్రత్యేకంగా పరీక్షించే మనిషి దొరుకుతారన్న భరోసా లేదు. ట్రేలో ఒక గుణం ఉంది: అది బిగుతుగా అనిపిస్తే పళ్ళు కదిలాయని పేషెంట్‌కే తెలిసిపోతుంది. తీగ ఏమీ చెప్పదు. రెండు సెట్లు ఇచ్చాం, స్కాన్ ఫైలు ఆమె ఫోన్‌లోనే పెట్టాం. ఎక్కడున్నా దాంతో కొత్తది చేయించుకోవచ్చు. ట్రే రోజూ పెట్టుకునే మనిషి అన్న నమ్మకం ఆమె సూపర్‌ఫ్లాస్ చూసినప్పుడే కలిగింది. అలాంటి క్రమశిక్షణ లేని 17 ఏళ్ళ కుర్రాడైతే నేను ఇప్పటికీ తీగే వేస్తాను.

మా క్లినిక్‌లో తీగ వేసిన ప్రతి ఒక్కరికీ చెప్పే విషయాలు కొన్ని ఉన్నాయి. పల్లీ చిక్కీ, సకినాలు, చెరకు, పచ్చి జామకాయ ముందు పళ్ళతో కొరకొద్దు, ముక్కలు చేసుకుని వెనక పళ్ళతో నమలండి. మామిడి టెంక చీకేటప్పుడు ముందు పళ్ళతో గీరొద్దు. దీన్ని ఎండాకాలంలో ఎవరూ వినరు, అయినా చెబుతాను. నాలుకతో రోజూ తీగని తడమండి, ఎక్కడైనా గరుకు తగిలినా కొస గుచ్చుకున్నా వారంలోపు రండి. ఊడిన తీగని ఇంకెక్కడైనా అతికించాల్సి వస్తే, వంగిన తీగని నొక్కి అతికించొద్దు, కొత్తది వేయండి లేదా తీసేసి ట్రే ఇవ్వండి అని చెప్పమంటాను. ఆ వాక్యం చీటీ మీద రాసి కూడా ఇస్తాం. ఎందుకంటే డెంటిస్ట్‌కి పేషెంట్ ఆ మాట చెప్పడం మొహమాటం, చీటీ చూపించడం తేలిక.

ఇవన్నీ ఊడిన తీగ గురించి. ఊడని తీగకి వేరే లెక్క. ఆరు నెలలకోసారి పెదవి కిందికి లాగి, ఎదురుగా ఒకటి, పై నుంచి ఒకటి ఫోన్‌తో ఫొటో తీసి దాచమంటాను. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పన్ను పొడుగ్గా కనిపించినా, రెండు కోరపళ్ళు ఒకేలా లేకపోయినా, ఒక్క పన్ను దగ్గరే చిగురు జారినా నొప్పి కోసం ఆగొద్దు. ఈ కదలికకి నొప్పి ఉండదు. ఈమెకి చివరిదాకా ఎక్కడా నొప్పి లేదు.

పాత అచ్చులు, ఫొటోలు పారేయకండి అని కూడా ఇప్పుడు చెబుతున్నాను. చాలామంది తల్లులు ఇల్లు మారినప్పుడు ముందు పారేసేది వాటినే.

పై దవడలో నాలుగు పళ్ళ తీగ మాత్రం ఉంచేశాం. కదలిక లేదు, మధ్య పళ్ళ సందు మళ్ళీ తెరుచుకునే భయం ఆమెకి ఎక్కువ, పాత అచ్చుల్లో ఆ సందు ఉంది కూడా. గ్రాఫ్ట్ తర్వాతి తనిఖీలో కింది పళ్ళు స్థిరంగానే ఉన్నాయి. కానీ పై తీగ కుడి చివర సిమెంట్ చుక్క కొంచెం అరిగింది. కింది పన్ను దానికి తగులుతోంది. దాన్ని పల్చగా సరిచేసి, కాటు కాగితంతో చూసి, తగలకుండా చేశాను. ఆరు నెలల తర్వాత మళ్ళీ అరిగితే ఆ తీగ కూడా తీసేసి పైకీ ట్రే ఇస్తాను. ఆమె అందుకు ఒప్పుకుంది.